ఆకాశరామన్నకు ఉద్యోగం వచ్చింది

మా చిన్నప్పుడు ఊళ్లో ఎవరింట పెళ్లి కుదిరినా వారం తిరక్కుండా మగపెళ్లివారికి ఒక కార్డుముక్క అందేది. అమ్మాయికి మెల్లకన్ననీ, అమ్మాయి తండ్రికి పీకల దాకా అప్పులున్నాయనీ, మేనమామ ఏదో కేసులో బెయిలు మీద తిరుగుతున్నాడనీ అందులో ఉండేది. కింద సంతకం ఉండేది కాదు. ‘ఇట్లు, తమ శ్రేయోభిలాషి’ అని మాత్రం ఉండేది. రాసినవాణ్ణి మనవాళ్లు ముద్దుగా ఆకాశరామన్న అన్నారు. పేరు రామన్న, ఊరు ఆకాశం. వెళ్లి నిలదీద్దామంటే ఆకాశంలో డోర్ నంబర్లుండవు.

పెళ్లిళ్లు చెడగొట్టడంతో తృప్తిపడితే అతను అంతవాడయ్యేవాడు కాదు. కరణం మీద కలెక్టరుకు రాశాడు, ఎస్సై మీద ఎస్పీకి రాశాడు, హెడ్మాస్టరు మీద డీఈవోకు రాశాడు. రాసి రాసి ప్రభుత్వానికే విసుగు పుట్టించాడు. చివరికి 1999 జూన్‌లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఒక సర్క్యులర్ తీసింది. పేరు లేకుండా వచ్చిన ఫిర్యాదుల మీద, దొంగపేరుతో వచ్చిన ఫిర్యాదుల మీద ఏ చర్యా తీసుకోవద్దు, ఫైల్లో పెట్టి మూసెయ్యండి అని దాని సారాంశం. 2013లో కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ కూడా అదే పాట పాడింది. ఒళ్లు దాచుకుని రాళ్లేసేవాడి మాట విని నిజాయితీపరుణ్ణి ఏడిపించకూడదన్నది వాళ్ల వాదన. న్యాయమే. నేనూ చేతులెత్తి మొక్కాను.

అలా ఉన్న ఒక్క వ్యాపకమూ పోయిన ఆకాశరామన్న ఏమైపోయాడా అని చాలాకాలం బెంగగా ఉండేది. ఈమధ్యే ఆచూకీ తెలిసింది. కులాసాగా ఉన్నాడు. ప్రభుత్వంలోనే చేరాడు, కమిటీ మెంబరుగా.

ఎలా తెలిసిందో చెబుతాను. మా ఊరి పాత మార్కెట్ వీధిలో పదకొండు నిద్రగన్నేరు చెట్లుండేవి. ‘ఉండేవి’ అన్నప్పుడే మిగతా కథ మీకు అర్థమైపోయి ఉంటుంది. ఆ నీడన ఒక నిమ్మసోడా బండి, గొడుగులు బాగుచేసే ముసలాయన, గంపల్లో ఆకుకూరలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లు, మధ్యాహ్నం ఆటో ఆపి వెనక సీట్లో కాళ్లు బయటికి చాపి కునుకు తీసే డ్రైవర్లు. ఒక సోమవారం పొద్దున చూస్తే చెట్లన్నిటికీ ఎర్రరంగుతో నంబర్లు వేసున్నాయి. నాలుగో నంబరు చెట్టుకు మేకులు దిగ్గొట్టి ఒక నోటీసు తగిలించారు. రోడ్డు వెడల్పు చేయు నిమిత్తం, నిపుణుల కమిటీ సిఫార్సు మేరకు, ఈ వృక్షములు తొలగించబడును. చెట్టు చావు కబురు చెట్టు చేతే మోయించాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, ఆయనలో కవి ఉన్నాడు.

వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది కదా, చెట్టు కొట్టాలంటే అనుమతి ఉండాలి కదా అని ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను. వాళ్లు కమిటీ పేర్లు చెప్పలేదు, నేను వాళ్ల పేరు చెప్పను, చెల్లుకు చెల్లు. అనుమతి ఉందన్నారు. ఎలా ఇచ్చారు అంటే కమిటీ ఇమ్మంది కాబట్టి ఇచ్చామన్నారు.

“కమిటీలో ఎవరున్నారండీ?”

“నిపుణులున్నారండీ.”

“అదే, ఎవరని?”

“నిపుణులంటే నిపుణులేనండీ. ఎక్స్‌పర్ట్స్.”

తెలుగులో చెబితే నా బుర్రకు ఎక్కలేదనుకుని ఇంగ్లీషులో చెప్పాడు పాపం.

“చెట్లలో నిపుణులా, రోడ్లలోనా?”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మాక్కూడా తెలీదు సార్. పైనుంచి వచ్చింది” అంటూ బాల్‌పెన్ను పైకి చూపించాడు. తలెత్తి చూశాను. పైన ఫ్యాను తిరుగుతోంది, దాని చుట్టూ బూజు తిరుగుతోంది, ఇంకేమీ లేదు. అప్పుడు వెలిగింది నాకు. పైన అంటే ఆకాశం. ఆకాశంలో కాపురం ఉండేది మనకు తెలిసి ఒక్కడే.

అయినా ఆశ చావక పది రూపాయల పోస్టలార్డరు జతచేసి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ముప్పై రోజుల గడువు. ఇరవై తొమ్మిదో రోజున జవాబొచ్చింది. గడువు లోపల జవాబివ్వడంలో మన కార్యాలయాలు ఇంత పట్టుదల చూపించేది ‘ఇవ్వం’ అని చెప్పేటప్పుడేనేమో. సభ్యుల పేర్లు వారి వ్యక్తిగత సమాచారమట. మూడో పక్షానికి సంబంధించినదట. బయటపెడితే వారు స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పలేరట, వారి భద్రతకు కూడా ముప్పట. నిజమే మరి. నరికేయమని సిఫార్సు చేసిన చెట్లు రాత్రిపూట వేళ్లు పెకలించుకుని ఇంటి మీదికొస్తే ఎవరు బాధ్యులు?

ఆ కవరు మీద మాత్రం నా పేరు, మా నాన్న పేరు, ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడు అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. అడిగినవాడి పేరులో వ్యక్తిగతం ఏమీ లేదు కాబోలు.

ఈ సమాచార హక్కు చట్టాన్ని ఒకసారి తీసి చదివితే నవ్వాలో ఏడవాలో తెలీదు. 2005లో వచ్చింది. అందులో 4(1)(బి) అని ఒక సెక్షను ఉంది. ఎవరూ అడక్కుండానే ప్రతి కార్యాలయమూ తనంతట తాను బయటపెట్టాల్సిన వివరాలు పదిహేడు అంశాలుగా అందులో ఉన్నాయి. చట్టం చేసిన నూట ఇరవై రోజుల్లోపు పెట్టాలని గడువు కూడా ఉంది. ఎనిమిదో అంశం ఏమిటో తెలుసా? ఇద్దరు, అంతకు మించి మనుషులతో సలహా కోసం వేసిన బోర్డులు, మండళ్లు, కమిటీల వివరణ. వాటి సమావేశాలకు జనం రావచ్చా, వాటి మినిట్స్ జనం చూడొచ్చా అన్నది కూడా చెప్పాలి. తొమ్మిదో అంశం ఉద్యోగుల డైరెక్టరీ. పదో అంశం వాళ్లకు నెలనెలా ముట్టే జీతం. పన్నెండో అంశం సబ్సిడీ పథకాలు, వాటి లబ్ధిదారుల వివరాలు.

ఇప్పుడు ఏ ఊళ్లోనైనా సచివాలయం గోడ దగ్గరికి వెళ్లి చూడండి. పన్నెండో అంశం ఎంత దివ్యంగా అమలవుతోందో కనపడుతుంది. పింఛన్ల జాబితా అతికించి ఉంటుంది. వరస నంబరు, పేరు, భర్త పేరు లేదా తండ్రి పేరు, ఏ రకం పింఛను. వితంతువైతే వితంతువని, ఒంటరి మహిళ అయితే ఒంటరి మహిళ అని. ఆమె ఒంటరిగా ఉంటోందన్న సంగతి బజార్న పోయేవాడికి తెలియడంలో ఆమె భద్రతకు ముప్పు ఉందని ఏ అధికారికీ కలలోకి కూడా రాదు. ఉపాధి హామీ పనికి పోయినవాళ్ల సంగతి సరేసరి. ఉమ్మడి రాష్ట్రంలో 2006లోనే సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. గ్రామసభలో మైకు పెట్టి, ఫలానా ఆమె ఇన్ని రోజులు పనికొచ్చింది, ఇన్ని రూపాయలు తీసుకుంది, నిజమేనా అని చదువుతారు. ఆమె లేచి నిలబడి కొంగు భుజం మీదికి లాక్కుని అవునో కాదో చెప్పాలి. అది మంచి పద్ధతే, దానివల్ల ఎందరి దొంగ మస్టర్లో బయటపడ్డాయి. నేను తప్పు పట్టడం లేదు. చెరువులో నాలుగు తట్టల మట్టి ఎత్తిన మనిషి వందల మంది ముందు తన లెక్క చెప్పుకోగలిగినప్పుడు, ఆ చెరువునే పూడ్చేసి లేఅవుటు వేసుకోవచ్చని సిఫార్సు చేసిన పెద్దమనిషి తన పేరు చెప్పుకోవడానికి ఎందుకు సిగ్గుపడతాడన్నదే నా సందేహం. ఒకే చట్టం, ఒకే సెక్షను, నాలుగు అంశాల తేడా. పేదవాడి పేరు గోడ మీద, పెద్దవాడి పేరు గోడ వెనక.

అలాగని ఈ పెద్దవాళ్లకు పేర్లంటే గిట్టదనుకునేరు. ఏ ఊళ్లోనైనా శిలాఫలకం చూడండి. సులభ్ మరుగుదొడ్ల సముదాయానికి సైతం నల్లరాయి మీద బంగారు అక్షరాలతో పదహారు పేర్లుంటాయి. అధ్యక్షత వహించినవారు, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ప్రత్యేక ఆహ్వానితులు, ఆఖర్న ఇంజనీరు, కాంట్రాక్టరు. ఎవరి పేరు ఎవరి పైన రావాలన్న దాని మీద ప్రోటోకాల్ గొడవలు, బాయ్‌కాట్లు, రాత్రికి రాత్రి రాయి పగలగొట్టడాలు. ఒక మునిసిపాలిటీలో వాటర్ ట్యాంకు కట్టడానికి పట్టిన సమయం కంటే దాని ఫలకం మీద పేర్ల వరస తేల్చడానికి పట్టిన సమయం ఎక్కువని ఒక పాత ఇంజనీరుగారు నాతో అన్నారు. రాతి మీద పేరు లేకపోతే అన్నం సయించనివాళ్లు, రిపోర్టు మీద పేరు ఉందంటే ఒంట్లో వణుకు పుట్టించుకుంటున్నారు. ‘పేరు గొప్ప, ఊరు దిబ్బ’ అని పెద్దలన్నారు గానీ, పేరు లేకుండానే ఊరిని దిబ్బ చేసే ఈ విద్యను వాళ్లు ఊహించి ఉండరు.

స్వేచ్ఛగా మాట్లాడాలంటే ముసుగుండాలన్న వాదన ఉంది చూశారూ, అది విన్నప్పుడల్లా నాకు మన చరిత్రే గుర్తొస్తుంది. తెలుగువాళ్లకు కమిటీలు, కమిషన్లు కొత్తకాదు. ఈ రెండు రాష్ట్రాలూ తొట్టెలో పడుకుని విన్న జోలపాటలే కమిటీ రిపోర్టులు. 1948 చివర్లో కాంగ్రెస్ ఒక కమిటీ వేసింది. అది పార్టీ కమిటీయే, ప్రభుత్వానిది కాదు. కానీ దాని పేరు చూడండి, జేవీపీ. జవహర్‌లాల్, వల్లభభాయ్, పట్టాభి. సభ్యుల పేర్ల మొదటి అక్షరాలే కమిటీ పేరు! భాషారాష్ట్రాలు ఇప్పుడప్పుడే వద్దని చెప్పి, ఆంధ్రకు మాత్రం తలుపు ఓరగా తెరిచి పెట్టారు. అటువైపు ఆంధ్రులు, ఇటువైపు తమిళులు ఉడికిపోతున్న రోజుల్లో, ఆ మాట అన్నది మేమేనని నెత్తిన రాసుకుని తిరిగారు. ఈనాటి నిపుణులైతే దానికి ‘ఎక్స్‌వైజెడ్ కమిటీ’ అని పేరు పెట్టేవాళ్లు. బీజగణితంలో లాగా, ఎవరికి వాళ్లు విలువ కట్టుకోవడమే.

ఆ మరుసటేడు మద్రాసు రాష్ట్రంలో విభజన సంఘం వేశారు. మద్రాసు నగరం దగ్గర పేచీ వచ్చింది. ప్రకాశం పంతులుగారు మిగతావాళ్లతో కలవకుండా అసమ్మతి పత్రం రాశారు. ఆయన మొండితనం వల్ల రాష్ట్రం వెనక్కి పోయిందని తిట్టినవాళ్లున్నారు, ఆంధ్రుల పరువు నిలిపాడని మొక్కినవాళ్లున్నారు. ఏదైనా సరే, తిట్టడానికీ మొక్కడానికీ ఒక పేరుంది. కమిటీ సభ్యుల పేర్లు రహస్యమైన చోట అసమ్మతి పత్రం ఎవరు రాస్తారు? ‘సభ్యులలో ఒకరు విభేదించారు’ అని ఉంటే ఆ ఒకరు ప్రకాశమో, పడని కాఫీ తాగి ఆ పూట చిరాగ్గా ఉన్న ఇంకొకరో ఎలా తెలుస్తుంది?

1953 డిసెంబర్లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ వేసినప్పుడు ముగ్గురు సభ్యులు. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్. దేశమంతా వాళ్ల పేర్లు తెలుసు. ఫజల్ అలీకి బీహారుతో చిరకాలం నుంచీ అనుబంధం. అందుకని బీహారుకు బెంగాలుతో, ఒరిస్సాతో ఉన్న సరిహద్దు తగాదాల దగ్గరికొచ్చేసరికి ఆయన తప్పుకున్నాడు. ఆ సంగతి రిపోర్టులోనే చెప్పాడు. పణిక్కర్ ఉత్తరప్రదేశ్‌ను విడగొట్టాలని వేరుగా ఒక నోటు రాశాడు. అంత పెద్ద రాష్ట్రం మీద చెయ్యి వేయడం అంటే ఆనాటి ఢిల్లీలో తేనెతుట్టె కదిపినట్టే. అయినా సంతకం పెట్టాడు, బతికి బట్టకట్టాడు. వాళ్ల రిపోర్టు 1955 సెప్టెంబర్ 30న వచ్చింది. తెలంగాణను అప్పటికి హైదరాబాదు రాష్ట్రంగా విడిగానే ఉంచి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపవచ్చని అన్నది వాళ్లే. ఆ ఒక్క పేరా మీద మన రెండు ప్రాంతాల్లో ఎన్ని దశాబ్దాలు ఎన్ని అరుగులు అరిగాయో మీకు తెలియంది కాదు. ఎవరన్నారో తెలుసు కాబట్టే అంత వాదించుకోగలిగాం.

ముసుగు వేసుకుంటే తప్ప నిజం చెప్పలేం అనేవాళ్లకు ఎల్.ఆర్. నాయక్ పేరు వినపడిందో లేదో. 1979లో వేసిన మండల్ కమిషన్లో ఆయన సభ్యుడు, అందులో ఉన్న ఏకైక దళితుడు. వెనకబడిన కులాలన్నిటినీ ఒకే గంపకింద మూస్తే బలిసిన కోడి బక్కకోడి గింజలు తినేస్తుందని ఆయన భయం. అణగారిన వెనకబడినవాళ్లను విడిగా లెక్కించాలని అసమ్మతి రాశాడు. మిగతావాళ్లు వినలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, 2017లో, వెనకబడిన కులాల వర్గీకరణ కోసం కేంద్రం జస్టిస్ రోహిణి నాయకత్వంలో మరో కమిషన్ వేయాల్సి వచ్చింది. అప్పుడు జనం వెనక్కి తిరిగి, ఈ మాట ముందే అన్నాడయ్యా ఒకాయన అని వెతికి పట్టుకున్నారు. పేరుంది కాబట్టి దొరికాడు.

ఇంకో చిక్కుంది. మన భాషలో కమిషన్‌కు పేరు పెట్టడమంటే మనిషి పేరు పెట్టడమే. మండల్ అంటాం, లిబర్హాన్ అంటాం, గిర్‌గ్లానీ అంటాం, శ్రీకృష్ణ అంటాం. బాబ్రీ మసీదు కూల్చిన పది రోజులకు, మూడు నెలల్లో తేల్చమని వేసిన లిబర్హాన్ కమిషన్ నలభై ఎనిమిది పొడిగింపులు తీసుకుని 2009లో రిపోర్టిచ్చింది. ఇప్పటికీ ఏదైనా పని ఏళ్ల తరబడి సాగితే ‘లిబర్హాన్ అయిందిరా’ అని మా మిత్రుడొకాయన విసుక్కుంటాడు. ఉద్యోగాల్లో స్థానికుల హక్కు గురించిన 610 జీవో మీద వేసిన గిర్‌గ్లానీ కమిషన్ పేరు తెలంగాణలో బడిపిల్లలకు కూడా నోటికొచ్చిన రోజులున్నాయి. పేరే లేని కమిటీని ఏమని పిలవాలి? ఏమని తిట్టాలి? తిట్టుకునే స్వేచ్ఛ కూడా ప్రాథమిక హక్కేనని నా అభిప్రాయం, రాజ్యాంగం ఏమన్నా సరే.

శ్రీకృష్ణ కమిటీ సంగతే చూడండి. ప్రత్యేక తెలంగాణ డిమాండు మీద 2010 ఫిబ్రవరిలో వేశారు, ఐదుగురు సభ్యులు. ఆ ఐదుగురి పేర్లు, చదువులు, పూర్వాశ్రమాలు మన టీకొట్లలో చిల్లులు పడేదాకా నలిగాయి. వాళ్లు ఏ జిల్లాకెళ్లినా మందలు మందలుగా జనం, మూటలు మూటలుగా అర్జీలు. ఉద్యమం మంట మీదున్న కాలం. ప్రాణభయం అన్న మాటకు అర్థం ఉంటే అప్పుడే ఉండాలి. డిసెంబర్ 30న రిపోర్టిచ్చి, ఆరు మార్గాలు చెప్పి, సంతకాలు పెట్టి ఇళ్లకెళ్లారు. అందులోనూ శాంతిభద్రతల మీద రాసిన ఎనిమిదో అధ్యాయాన్ని సీలు కవర్లో పెట్టి దాచారనుకోండి, దానికి తగ్గ చెడ్డపేరు వాళ్లకే దక్కింది. చెడ్డపేరు రావాలన్నా ముందు పేరుండాలి.

మరి ఇప్పుడు కమిషన్లు తగ్గి కమిటీలు, వర్కింగ్ గ్రూపులు, టాస్క్‌ఫోర్సులు ఇంతగా ఎందుకు పుట్టుకొస్తున్నాయంటే నాకు తోచిన కారణం ఒకటి. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేస్తే గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి. రిపోర్టును, దాని మీద తీసుకున్న చర్యల మెమోను ఆరు నెలల్లోపు సభ ముందు పెట్టాలి. ఈ తలనొప్పి ఎవరికి కావాలి? అదే ‘నిపుణుల కమిటీ’ అయితే ఒక మెమో చాలు. పుట్టినట్టు ఎవరికీ తెలీదు, పోయినట్టు ఎవరికీ తెలీదు, మధ్యలో మాత్రం మీ ఇల్లు బఫర్ జోన్లో ఉందని తేల్చి పోతుంది.

ఎక్కడా గోప్యత వద్దనే మూర్ఖుణ్ణి కాను. బీహార్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు, ఇంటర్వ్యూ బోర్డు సభ్యుల పేర్లూ అడ్రసులూ ఇవ్వనక్కర్లేదంది. ఉద్యోగం రాని కుర్రాడు కడుపుమంటతో ఇంటి మీదికొస్తాడన్న భయం అర్థం చేసుకోదగిందే. ఒక మనిషి గురించి మార్కులు వేసే పని వేరు. ఊరి మొత్తానికి దారి ఎటు వెయ్యాలో చెప్పే పని వేరు. మొదటి పనికి కట్టిన గొడుగు పట్టుకొచ్చి రెండో పని మీద కప్పుతున్నారు. సినిమా సెన్సారు వాళ్లను చూసైనా నేర్చుకోవచ్చు. 2024 దాకా అమల్లో ఉన్న 1983 నాటి నిబంధనల ప్రకారం సినిమా చూసే కమిటీ సభ్యుల పేర్లు నిర్మాతకు కూడా చెప్పకూడదనేవారు. ముందే తెలిస్తే పూలబొకేలు, పలకరింపులు మొదలవుతాయి కదా. కానీ చూడటం అయిపోయాక ఇచ్చే సర్టిఫికెట్ మీద ఆ సభ్యుల పేర్లుండేవి. హాల్లో మనం పాప్‌కార్న్ ఒళ్లో పోసుకుంటూ సీటు వెతుక్కునే పది సెకన్లలో తెరమీద కనపడేవి అవే. హీరో ఎన్ని బూతులు తిట్టొచ్చో తేల్చినవాళ్ల పేర్లు డెబ్బై ఎంఎం తెర మీదికి వచ్చేవి. నా వీధిలో నీడ ఎంత ఉండాలో తేల్చినవాళ్ల పేర్లు ఏ ఫోర్ కాగితం మీదికి కూడా రాకూడదు.

ఇక ముందు ఇంకా సుఖం. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారాన్ని దాచే 8(1)(జె) నిబంధన ఇదివరకు కాస్త పొడుగ్గా ఉండేది. ప్రజాకార్యానికి సంబంధం లేనిదైతేనే, అనవసరంగా ఒకరి గుట్టులోకి చొరబడినట్టయితేనే ఇవ్వనక్కర్లేదని, విశాల ప్రజాహితం ఉంటే ఇవ్వొచ్చని, చట్టసభకు కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదని తోకలుండేవి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం తన 44(3) సెక్షనుతో ఆ తోకలన్నీ కత్తిరించి, వ్యక్తిగత సమాచారమైతే చాలు అన్నంత పొట్టిగా చేసింది. మంగలి కత్తెర ఇంత నున్నగా పనిచేయడం నేను చూడలేదు. ప్రజాహితం ఉంటే ఇవ్వొచ్చనే 8(2) ఇంకా పక్కన ఉంది గానీ, ఇవ్వ‘వచ్చు’ అన్న మాట విని సంబరపడేంత అమాయకులు మన ఆఫీసుల్లో ఎవరూ లేరు.

విచిత్రం చెప్పనా, దీనికి పూర్తి తలకిందులు వ్యవహారం కూడా ఉంది. 2023 జూన్‌లో సుహాస్ పల్శీకర్, యోగేంద్ర యాదవ్ ఎన్‌సీఈఆర్‌టీకి ఉత్తరం రాశారు. మేం సలహాదారులుగా తయారైన రాజనీతి శాస్త్రం పుస్తకాలను మాతో మాట మాత్రం చెప్పకుండా కోసి కుప్పలు పెట్టారు, మా పేర్లు తీసేయండి అని. కుదరదంది సంస్థ. అది సమష్టి కృషి ఫలితం, ఒకరు తప్పుకుంటామంటే ఎలా అంది. అంటే పేరొద్దు మొర్రో అన్నవాళ్ల పేర్లు అచ్చులో ఉండి తీరాలి. పేర్లు చెప్పండి మొర్రో అని మనం అడిగినవాళ్ల పేర్లు మాత్రం కనపడి తీరకూడదు. పేరు మనదని అనుకుంటాం గానీ, దాని పట్టా పాసుపుస్తకం ప్రభుత్వం దగ్గర ఉంది.

మా చెట్ల సంగతికొస్తే, అవి పడిపోయాయి. వేలం పాట నోటీసులో కలప కొన్నవాళ్ల పేర్లు, పాడిన మొత్తం, కట్టిన ధరావత్తు అన్నీ ఉన్నాయి. చెట్లకు నంబర్లున్నాయి, కొన్నవాడికి పేరుంది, కోసినవాడికి మస్టరుంది. రోడ్డు ఇంకా వెడల్పు కాలేదు. నిమ్మసోడా బండివాడు నీలం రంగు పట్టా ఒకటి కట్టుకున్నాడు, దానికింద మధ్యాహ్నం రెండు గంటలకు నిలబడితే ఇడ్లీ పాత్రలో నిలబడ్డట్టే.

పోయిన వారం కమిటీకే నేరుగా ఒక ఉత్తరం రాశాను. అయ్యా, చెట్లు కొట్టమన్నారు, కొట్టారు, మళ్లీ మొక్కలు నాటమని కూడా ఏమైనా అన్నారా, అంటే ఎక్కడ, ఎన్ని అని. కింద సంతకం పెట్టలేదు. వాళ్లకు లేని మొహమాటం నాకెందుకని. తీసుకెళ్లి టపాలు సెక్షన్లో ఇచ్చాను. అక్కడి అమ్మాయి కళ్లజోడు సవరించుకుని మొదట్నుంచి చివరిదాకా చదివింది, కాగితం వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకు తిప్పింది.

“కింద పేరేది సార్?”

“పైన కూడా లేదు కదమ్మా, చూడండి. నిపుణుల కమిటీ సభ్యులకు అనే ఉంది.”

“పైన లేకపోయినా పర్లేదండీ. కింద లేకపోతే ఇన్‌వర్డ్ నంబరు పడదు. ఆకాశరామన్న ఉత్తరాలు తీసుకోకూడదని రూలుంది.”

రూలు అన్నాక రూలే. జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాను. పేరు పూర్తిగా రాయమంది, రాశాను. తండ్రి పేరు అడిగింది, రాశాను. డోర్ నంబరు, ఫోను నంబరు, ఆధార్ నకలు కూడా ఉంటే మంచిదంది. జిరాక్సు కోసం కిందికి దిగి రెండు రూపాయలిచ్చి తీయించుకొచ్చాను. రబ్బరు స్టాంపు ఇంకు డబ్బాలో రెండుసార్లు ఒత్తి నా ఉత్తరం నెత్తిన ఒక్కటి వేసింది. రిజిస్టరు తెరిచి నా వివరాలన్నీ ఎక్కించి, ‘ఎవరికి’ అన్న గడి దగ్గర ఆగి, పెన్ను వెనక భాగం కాస్త కొరికి, అక్కడ ఒక చిన్న గీత గీసింది.